ప్రాజెక్టు డైరీ: ఉద్దానం రీడింగులు ఎవరు చూడాలి, ఎవరు దిద్దాలి

జూన్ 2

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో పదకొండు ఊళ్లలో మా బృందం రెండేళ్లుగా కిడ్నీ పరీక్షల లెక్క రాస్తోంది. ఆదివారం క్యాంపు పెడతాం, రక్తం తీస్తాం, క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే పదార్థం) ఎంత వచ్చిందో రాసుకుంటాం, మూడు నెలలకి మళ్లీ పిలుస్తాం. ఒక్క రీడింగు చూసి ఏదీ తేల్చకూడదు. కిడ్నీ వడపోత లెక్క, అంటే ఈజీఎఫ్‌ఆర్, 60 కంటే తక్కువగా మూడు నెలలు దాటి కొనసాగితే దీర్ఘకాలిక జబ్బు అంటారు. కాబట్టి పాత అంకె పక్కన కొత్త అంకె ఉండాలి, రెండూ నిజమైనవి అయి ఉండాలి. బీపీ, షుగరు లేనివాళ్లకి కూడా ఉద్దానంలో ఇది ఎందుకొస్తోందో ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట ప్రతి అంకె విలువైనదే.

ఇన్నాళ్లూ ఇదంతా ఒకే ఒక్క షీటు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వీధి, ఫోను, వయసు, బీపీ, షుగరు, క్రియాటినిన్. దాని లింకు పదిహేడు మంది దగ్గర ఉంది. పదిహేడు మందీ అన్నీ చూడొచ్చు, అన్నీ మార్చొచ్చు.

పోయిన నెల కవిటి వైపు ఊళ్లో ఒకావిడ నన్ను క్యాంపు దగ్గర పక్కకి పిలిచింది. "ఏటి బాబూ, మా గుంట పేరు ఫోన్లన్నిట్లోనూ తిరిగిపోనాదట. పలాస నుంచి సంబంధం వొచ్చింది. మాట అనుకోడానికి వొస్తామన్నోల్లు మరి రాలేదు." షీటు తెరిచి చూశాను. అమ్మాయి రీడింగు 0.8, ఏ లోపమూ లేదు. పై వరుసలో వాళ్ల నాన్నది 5 దాటింది. ఇంటి ప్రకారం వరుసగా పెట్టిన షీటు కాబట్టి ఫొటో తీసినవాళ్ల ఫోనులో ఇద్దరూ కలిసి వచ్చారు. ఎవరు తీశారు? షీటుకి తెలియదు. మాకూ తెలియదు. "మా ఇంట్లోంచి ఇక ఎవులం రాం," అని ఆవిడ వెళ్లిపోయింది. అప్పటికి ఆవిడ ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు.

ఆ రాత్రి సోంపేట నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులోనే, షీటు బదులు ఎవరికి కావలసిందే వాళ్లకి చూపించే యాప్ కట్టాలని ఈ ప్రాజెక్టు అనుకున్నాను. డేటాబేసు పోస్ట్‌గ్రెస్. పగలు ఉద్యోగంలో పదేళ్లుగా వాడుతున్నది అదే.

జూన్ 5

కంప్యూటర్ ముట్టుకోలేదు. మా కార్యదర్శి రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన ఇంటి అరుగు మీద చార్టు పరిచి కూర్చున్నాం. అడ్డంగా నాలుగు గళ్లు: చూడటం, కొత్తగా రాయడం, దిద్దడం, కొట్టెయ్యడం. నిలువుగా మనుషులు.

మొదటి గంట అంతా ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో తిరిగే కార్యకర్తకి క్రియాటినిన్ అంకె తెలియాలా? మందస వైపు నుంచి వచ్చే అమ్మాయి గట్టిగా వాదించింది. "అంకె తెలియకపోతే నేనెలా భయం చెప్పి తీసుకురాగలను సార్? ఊరికే రమ్మంటే జీడితోటకి వెళ్లిపోతారు." ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ ఆమెకి కావలసింది అంకె కాదు, ఎవర్ని ఎంత తొందరగా పిలవాలో తెలియడం. చివరికి ఆమె తెర మీద మూడు మాటలే ఉండాలని తేల్చుకున్నాం: "మామూలుగా పిలవండి", "ఈ వారమే పిలవండి", "ఇవాళే డాక్టరు గారితో మాట్లాడించండి". అంకెని బట్టి ఆ మాట డేటాబేసే ఇస్తుంది.

ల్యాబ్ చూసే ఆయనకి పేర్లతో పని లేదు. గొట్టం మీద నంబరు, దానికెదురుగా అంకె, అంతే. డాక్టరు గారికి పేరూ అంకె రెండూ కావాలి, పాత రీడింగులన్నీ కావాలి, కానీ ఆయన అంకెలు మార్చక్కర్లేదు. సలహా రాస్తే చాలు. ఆటో కిరాయిలు, కిట్ల ఖర్చులు చూసే ఆయనకి ఏ ఊళ్లో ఎన్ని పరీక్షలో తెలిస్తే సరి.

మాస్టారు తన పేరు ఎదురుగా నాలుగు గళ్లలోనూ టిక్కు పెట్టుకున్నారు. అందరి వరుసా అయ్యాక మళ్లీ పైకొచ్చి కాసేపు దాన్నే చూశారు. "నాకు ఇవి ఎందుకయ్యా? నేనేం చేస్తాను చూసి?" అని నాలుగూ కొట్టేశారు. తర్వాత ఎవరూ "నాకూ ఉండాలి" అనలేదు.

ఇంకో నిర్ణయం కూడా ఇవాళే అయిపోయింది. ఆధార్ నంబరు తీసుకోము. మన దగ్గర లేనిదాన్ని కాపలా కాయక్కర్లేదు.

దిద్దడం గురించి మాస్టారు చెప్పిన పోలిక నాకు బాగా పనికొచ్చింది. బ్యాంకు పాసుబుక్కులో తప్పు పడితే గుమాస్తా రబ్బరు పెట్టి చెరపడు. కింద ఇంకో పద్దు వేసి సరిచేస్తాడు. తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది, తేదీ కనిపిస్తుంది. మన రీడింగుల పట్టిక అలాగే ఉండాలి.

జూన్ 9

పట్టికలు రెండుగా విడగొట్టాను. మనుషుల పట్టికలో పేరు, ఊరు, ఫోను, పుట్టిన తేదీ. రీడింగుల పట్టికలో గొట్టం నంబరు, అంకె, తేదీ. రెంటికీ మధ్య లంకె ఒక అర్థం లేని సంఖ్య. ల్యాబ్ రోల్‌కి (రోల్ అంటే ఒక పని చేసేవాళ్లకి ఇచ్చే హక్కుల మూట) రెండో పట్టిక మీదే అనుమతి.

రోల్స్ నాలుగు: కార్యకర్త, ల్యాబ్, డాక్టరు, ఖర్చులు. వీటిలో దేంతోనూ లాగిన్ అవ్వడం కుదరదు. పట్టికలకి యజమాని వేరే రోల్, దాంతోనూ లాగిన్ లేదు. యాప్ ఒక్క రోల్‌తో లాగిన్ అవుతుంది, ఆ రోల్‌కి సొంతంగా ఏ పట్టిక మీదా హక్కు లేదు. ఎవరు తెర ముందు ఉన్నారో చూసి ఆ మనిషి రోల్ కాసేపు వేసుకుంటుంది, పని అవ్వగానే వదిలేస్తుంది.

ఇవాళ రెండు గంటలు తిన్న తప్పు ఒకటి రాసి పెడుతున్నా, ఇంకొకరికి కలిసొస్తుంది. కార్యకర్త రోల్‌కి ముందు మనుషుల పట్టిక మొత్తం మీద సెలెక్ట్ గ్రాంట్ చేశాను, అంటే చదివే హక్కు ఇచ్చాను. తర్వాత పుట్టిన తేదీ కాలమ్ ఒక్కదాని మీద ఆ హక్కు వెనక్కి తీసుకోమని రివోక్ కొట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు. సరే అయిపోయిందనుకున్నాను. కార్యకర్తగా మారి చూస్తే పుట్టిన తేదీ చక్కగా కనిపిస్తోంది! పట్టిక మొత్తం మీద ఇచ్చిన హక్కులోంచి ఒక కాలమ్‌ని తీసెయ్యడం పోస్ట్‌గ్రెస్‌లో కుదరదు. ఇల్లంతటికీ తాళంచెవి ఇచ్చి వంటగది మాత్రం మూసినట్టు అనుకోవడమే. పట్టిక మీద హక్కు పూర్తిగా వెనక్కి తీసుకుని, చూడొచ్చు అనుకున్న కాలమ్‌లు పేరు పేరునా ఇవ్వాలి. అలా ఇచ్చాక పుట్టిన తేదీ అడిగితే "పర్మిషన్ డినైడ్" వచ్చింది. ఇన్నేళ్లలో ఒక ఎర్రర్ చూసి ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి.

దీన్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ హక్కు తీసేసినా, ఆ మనిషిగా మారి తలుపు తోసి చూడాలి. కమాండ్ సరిగ్గా నడిచిందంటే తలుపు మూసుకుందని అర్థం కాదు.

జూన్ 14

కాలమ్‌ల సంగతి అయింది, ఇక వరుసలు. కంచిలి కార్యకర్తకి సోంపేట మనుషులు కనపడకూడదు. యాప్‌లో ప్రతి తెర వెనకా "ఊరు ఫలానా అయితేనే" అని రాసుకుంటూ పోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. కానీ యాప్ ఒక్కటే తలుపు కాదు. రేపు ఎవరో రిపోర్టు కోసం వేరే టూల్ తగిలిస్తారు, నేనే తొందరలో ఒక తెర వెనక ఆ మాట మర్చిపోతాను. కాపలా పట్టిక దగ్గరే ఉండాలి. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి, అంటే 2016 జనవరి నుంచి, దానికి రో లెవల్ సెక్యూరిటీ ఉంది, అంటే ఎవరికి ఏ వరుస కనపడాలో డేటాబేసే చూసుకుంటుంది.

మనుషుల పట్టిక మీద దాన్ని ఎనేబుల్ చేశాను. పాలసీ, అంటే ఏ వరుస ఎవరికన్న నియమం, ఇంకా ఏదీ రాయలేదు. కార్యకర్తగా అడిగితే సున్నా వరుసలు. ఇది నాకు చాలా నచ్చిన గుణం: ఇవ్వమని చెప్పేదాకా ఏమీ ఇవ్వదు. సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే ఈ సూత్రం రాశారు: అనుమతి లేకపోవడమే మామూలు స్థితి కావాలి, ఉండటాన్ని విడిగా చెప్పాలి. మా షీటు దానికి సరిగ్గా తలకిందులు.

పాలసీలో రెండు ముక్కలుంటాయి. యూజింగ్ అన్నది ఏ వరుసలు కంటికి కనిపించాలో చెబుతుంది. విత్ చెక్ అన్నది ఏ వరుస రాయనివ్వాలో చెబుతుంది. రెండోది ఎందుకంటే, కంచిలి కార్యకర్త తన ఊరి మనిషిని తెరిచి, ఊరి పేరు సోంపేట అని మార్చేసి, ఆ మనిషిని తనకే కనపడకుండా పంపించెయ్యకూడదు. ప్రయత్నించి చూశాను, ఎర్రర్ ఇచ్చి ఆపింది. అదే కార్యకర్త తనకి కనపడని వరుసని దిద్దబోతే మాత్రం ఎర్రర్ రాదు, "అప్‌డేట్ 0" అని మాత్రమే వస్తుంది. ఆ వరుస ఉందన్న సంగతి కూడా బయటపెట్టదు. కాబట్టి యాప్‌లో సున్నా వస్తే "సేవ్ అవ్వలేదు" అని చెప్పేలా రాసుకోవాలి, లేకపోతే పని అయిందనుకుని వెళ్లిపోతారు.

జూన్ 15

పొద్దున్న లేచి మళ్లీ పరీక్షిస్తే అన్ని ఊళ్లూ కనిపించాయి. గుండె ఆగినంత పనైంది. పావుగంట తర్వాత తెలిసింది, నేను పట్టిక యజమాని రోల్‌లో ఉన్నాను. యజమానికి పాలసీలు వర్తించవు, ఫోర్స్ అని విడిగా చెబితే తప్ప. చెప్పాను. సూపర్‌యూజర్‌కి (అన్ని హక్కులూ ఉన్న ఖాతాకి) మాత్రం ఫోర్స్ చేసినా వర్తించవు. ఆ సంగతి మళ్లీ రాస్తాను.

సాయంత్రం ఇంకోటి. డాక్టరు గారికి "తన దగ్గరికి పంపినవాళ్లు" అని ఒక పాలసీ, "అంగీకారం ఇచ్చినవాళ్లు" అని ఇంకో పాలసీ రాశాను. రెండూ నిజమైతేనే కనపడాలన్నది నా ఉద్దేశం. పోస్ట్‌గ్రెస్ మామూలు పాలసీలని "లేదా"తో కలుపుతుంది. ఫలితం: అంగీకారం ఇచ్చిన ప్రతివాళ్లూ, తన దగ్గరికి పంపినా పంపకపోయినా, ఆయనకి కనిపించారు. "మరియు" కావాలంటే రెండోదాన్ని రెస్ట్రిక్టివ్ అని రాయాలి. కాగితం మీద నా పాలసీలు ఎంత చదివినా తప్పు కనపడలేదు, ఎందుకంటే విడివిడిగా రెండూ సరైనవే. పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి మనుషుల్లో ఒకరు ఉండకూడని చోట కనపడబట్టి దొరికింది.

జూన్ 22

ఈ ఆదివారం మొదటిసారి నిజం ఫోన్ల మీద పెట్టి చూశాం. డేటా మాత్రం ఉత్తుత్తిదే. మాస్టారి అరుగు మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టాం. ఎడమది కంచిలి తమ్ముడిది, కుడిది మందస అమ్మాయిది. ఇద్దరూ తమ జాబితా తెరిచారు. సరిగ్గానే వచ్చాయి. మళ్లీ కిందకి లాగి రిఫ్రెష్ చేశారు. సరిగ్గానే. ఏడో సారో ఎనిమిదో సారో మందస అమ్మాయి "సార్, ఇవి మా పేర్లు కాదు" అంది. ఫోను తీసుకుని చూశాను. కంచిలి జాబితా మొత్తం ఆమె తెర మీద ఉంది.

కారణం ఇది. యాప్‌కీ డేటాబేసుకీ మధ్య కనెక్షన్లు ఐదే ఉంటాయి, అందరూ వాటినే మార్చి మార్చి వాడుకుంటారు. ఎవరు తెర ముందు ఉన్నారో నేను "సెట్" అని చెబుతున్నాను. అది ఆ కనెక్షన్ బతికున్నంతసేపూ అలాగే అంటిపెట్టుకుని ఉంటుంది. కంచిలి తమ్ముడు వదిలిన కనెక్షన్ మీద అతని గుర్తు మిగిలిపోయింది. ఒకచోట నా కోడు కొత్త గుర్తు పెట్టకుండానే అడిగేసింది. బస్సులో ముందు కూర్చున్నవాడి టిక్కెట్టు సీట్లో ఉండిపోతే తర్వాత కూర్చున్నవాడు దాంతో దిగిపోయినట్టయింది.

ఇప్పుడు ప్రతి పనీ ట్రాన్సాక్షన్ (మొదలూ ముగింపూ ఉన్న ఒక విడత) లోపలే, "సెట్ లోకల్"తోనే. కమిట్ అవ్వగానే, అంటే ఆ విడత ముగియగానే, గుర్తు చెరిగిపోతుంది. గుర్తు లేకుండా అడిగితే పాలసీ ఏ వరుసా ఇవ్వదు. కనెక్షన్లు రెండుకి తగ్గించి, ఐదుగురిచేత ఒకేసారి అరగంట రిఫ్రెష్ చేయించాం. ఇంకెవరి పేర్లూ ఇంకెవరికీ రాలేదు.

ఆ అమ్మాయి గమనించి చెప్పకపోతే నేను ఒంటరిగా కూర్చుని ఒక ఫోను మీద ఎన్ని రోజులు చూసినా ఇది దొరికేది కాదు. ఇకనుంచి ప్రతి మార్పుకీ రెండు ఫోన్ల పరీక్ష.

ఒక బలహీనత మిగిలే ఉంది. ఆ గుర్తు పెట్టేది యాపే. యాప్ పాస్‌వర్డ్ చేతికి చిక్కినవాడు ఏ కార్యకర్తగానైనా, చివరికి డాక్టరుగానైనా నటించొచ్చు. అందుకని ఆ పాస్‌వర్డ్ సర్వరు మీద తప్ప ఎక్కడా లేదు, నా ల్యాప్‌టాప్‌లో కూడా. డేటాబేసు కూడా ఆ సర్వరు నుంచి తప్ప ఎక్కడినుంచీ కనెక్షన్ తీసుకోదు.

జూన్ 29

చిన్న పని, కానీ రాయాల్సిందే. ఫోను నంబరు రెండుసార్లు పడకూడదని యునీక్ పెట్టాను. కార్యకర్త ఒక నంబరు కొడితే "ఇప్పటికే ఉంది" అని వచ్చింది. ఆ నంబరు వేరే ఊరిది, ఆమెకి కనపడకూడనిది. చూపించకుండానే చెప్పేశాం! యునీక్ తనిఖీ పాలసీలని దాటి పట్టిక మొత్తం చూస్తుంది. తీసేశాను. ఎలాగూ మా ఊళ్లలో ఇంటికి ఒకే ఫోను ఉన్న కుటుంబాలు బోలెడు.

జూలై 1

ఖర్చులు చూసే ఆయన కోసం ఊరివారీ లెక్కల వ్యూ (పట్టికల్లోంచి కావలసినది మాత్రమే చూపించే తయారు ప్రశ్న) రాశాను. వ్యూ సాధారణంగా దాన్ని తయారుచేసిన రోల్ హక్కులతో నడుస్తుంది, అడిగినవాళ్ల హక్కులతో కాదు. మా అవసరానికి ఇక్కడ అదే సరిపోయింది, ఆయనకి కింది పట్టికల మీద ఏ హక్కూ లేకుండానే మొత్తాలు వస్తాయి. కార్యకర్తల కోసం రాసిన వ్యూలో మాత్రం ఇదే గుణం పాలసీని చుట్టుదారిలో దాటించేస్తుంది. అక్కడ అడిగినవాళ్ల హక్కులతోనే నడిచేలా సెక్యూరిటీ ఇన్వోకర్ పెట్టాను. 2022 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది.

లెక్కలే కదా, పేర్లు లేవు కదా అనుకున్నాను. ఒక చిన్న ఊరికి ఆ నెలలో "పరీక్షలు 3, ఈ వారమే పిలవాల్సినవి 3" అని వచ్చింది. క్యాంపుకి ఎవరు వచ్చారో ఊరంతా చూసింది. ఇక పేర్లెందుకు? పదికి తక్కువైతే వ్యూలో అంకె రాదు, పక్క ఊరితో కలిపి వస్తుంది.

జూలై 6

ఇవాళ పాత షీటులోంచి రీడింగులు కొత్త పట్టికలోకి ఎక్కించడం మొదలెట్టాం. నేనొక్కణ్నే చెయ్యలేదు, ల్యాబ్ ఆయన తన దగ్గరున్న కాగితం స్లిప్పులు తీసి ఒక్కొక్కటే చదువుతుంటే సరిపోల్చుకుంటూ వెళ్లాం.

ఒక స్లిప్పు దగ్గర ఆయన ఆగిపోయారు. కాగితం మీద నీలి సిరాతో 4.1. షీటులో 1.4.

షీటు పాత చరిత్ర తెరిచి చూశాం. మొదట 4.1 అనే ఎక్కించారు. నాలుగు రోజుల తర్వాత ఎవరో 1.4 చేశారు. అందరూ ఒకే లింకు వాడేవాళ్లు కాబట్టి "అజ్ఞాత వినియోగదారు" అని ఉంది. ఎందుకు మార్చారో ఊహించగలను. ఆయన అంతకుముందు రీడింగు 1.3. ఒక్కసారిగా 4.1 అవ్వదు, అంకెలు తిరగబడి ఉంటాయని మంచి మనసుతోనే ఎవరో సరిదిద్దారు. దాంతో తొందరగా పిలవాల్సినవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు పోయింది. మళ్లీ మామూలు వంతు వచ్చేసరికి మూడు నెలలు గడిచాయి, అప్పుడు 5.6. ఇప్పుడు ఆయన డయాలసిస్‌కి వెళ్తున్నారు. ముందే వచ్చి ఉంటే ఎంత తేడా ఉండేదో చెప్పలేనని డాక్టరు గారు అన్నారు. చెప్పలేకపోవచ్చు. కానీ ఆ మూడు నెలలు ఆయనవి, ఆయనకి చెప్పకుండా మేం పోగొట్టాం.

ల్యాబ్ ఆయన ఆ స్లిప్పు పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం రాసిన నియమాలు ఇవి. రీడింగుల పట్టిక మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు ఏ రోల్‌కీ లేవు. ల్యాబ్‌కి ఇన్సర్ట్, అంటే కొత్త వరుస రాయడం, ఒక్కటే. తప్పు పడితే కొత్త వరుస వెయ్యాలి. అందులో ఏ పాత వరుసకి బదులో, ఎందుకో రాయాలి. కారణం ఖాళీగా ఉంటే తీసుకోదు. దిద్దినవాళ్లూ ఒప్పుకున్నవాళ్లూ ఒకే మనిషి కాకూడదన్నది పట్టిక మీదే చెక్‌గా పెట్టాను. ఒప్పుకునేదాకా పాత అంకే చెల్లుతుంది, తెర మీద మాత్రం "తనిఖీలో ఉంది" అని పడుతుంది. ముందు రీడింగుకి రెట్టింపు దాటితే యాప్ "స్లిప్పు మళ్లీ చూడండి" అంటుంది, అంతేగానీ ఆపదు. అంకె పెరగడం కూడా నిజం కావచ్చు కదా.

స్లిప్పు దొరకని పాత రీడింగులు కూడా ఉన్నాయి. వాటిని పారెయ్యలేదు. "కాగితంతో సరిచూడలేదు" అన్న గుర్తుతో ఎక్కించాం.

జూలై 13

ఎవరు మార్చారో తెలుస్తుంది. ఎవరు చూశారో? జూన్ 2న నేను రాసిన ఆవిడకి కావలసింది అదే కదా.

ట్రిగ్గర్ (ఏదైనా జరగగానే తనంతట తాను నడిచే కోడు) పెడదామంటే సెలెక్ట్‌కి ట్రిగ్గర్లు పనిచెయ్యవు. అందుకని దారి మార్చాను. పూర్తి ఇంటిపేరూ ఫోనూ ఉన్న వివరం నేరుగా పట్టికలోంచి ఎవరూ చదవలేరు, ఆ కాలమ్‌ల మీద హక్కు తీసేశాను. జాబితాలో ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, పిలవాల్సిన మాట, అంతవరకే. మిగతాది కావాలంటే ఒక ఫంక్షన్‌ని అడగాలి. అది ముందు "ఎవరు, ఎవరిది, ఎందుకు, ఎప్పుడు" అని చూపుల పట్టికలో ఒక వరుస రాస్తుంది, తర్వాతే వివరం ఇస్తుంది. ఆ ఫంక్షన్ సెక్యూరిటీ డిఫైనర్, అంటే దాని యజమాని హక్కులతో నడుస్తుంది. కాబట్టి యజమానిగా ఒక చిన్న రోల్ పెట్టాను, పాలసీలు దానికీ వర్తించేలా. పట్టికల్ని ఎక్కడ వెతకాలో చెప్పే సెర్చ్ పాత్ కూడా ఫంక్షన్‌లోనే బిగించాను, లేకపోతే అదే పేరుతో ఇంకో పట్టిక పెట్టి మోసం చెయ్యొచ్చు. చూపుల పట్టిక మీద ఏ రోల్‌కీ దిద్దే హక్కు లేదు.

ఇక చట్టం సంగతి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి అంగీకారం తీసుకోవాలి, ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు, సరిచెయ్యమనొచ్చు, తీసెయ్యమనొచ్చు. చివరిది నా నియమానికి అడ్డొచ్చింది. నేనేమో ఎవరికీ డిలీట్ లేదన్నాను! మాస్టారితో గంటసేపు మాట్లాడాక ఇలా తేల్చాం. తీసెయ్యమని మనిషే అడిగితే నిజంగా తీసేస్తాం, దాచిపెట్టి తీసేశామని చెప్పం. దానికి విడిగా ఒక ఫంక్షన్, ఇద్దరు ఒప్పుకుంటేనే నడుస్తుంది. మిగిలే గుర్తు ఒక్కటే: ఫలానా తేదీన ఒకరి వివరాలు వారి కోరిక మీద తీసేశాం. పేరుండదు. బ్యాకప్‌ల్లో ఉన్న ఆ మనిషి వివరాలు కూడా 90 రోజులకి పోతాయి. ఈ 90 రోజుల సంగతి అంగీకార పత్రంలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాశాం.

జూలై 19

బ్యాకప్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, మా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి ఒక నకలు జిల్లా బయట ఉండాలి. అంటే డేటా మా చేతుల్లోంచి దాటి వెళ్లాలి.

బ్యాకప్ కోసం చేసిన రోల్‌తో పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్ పీజీ డంప్ నడిపితే ఎర్రర్‌తో ఆగింది. పాలసీ వల్ల వరుసలు తగ్గేలా ఉంటే సగం డేటాతో మౌనంగా బ్యాకప్ తియ్యడం కన్నా ఆగిపోవడం మేలని అలా కట్టారు. నిజంగా మేలే. ఆ రోల్ ఒక్కదానికే పాలసీలు దాటే అనుమతి, చదవడానికి మాత్రమే ఇచ్చాను.

ఇప్పుడు ఆ ఫైలులో అందరి పేర్లూ అంకెలూ ఏ పాలసీ లేకుండా ఉన్నాయి. నేను ఇన్ని వారాలు కట్టిన గోడలేవీ అందులో లేవు. కాబట్టి సర్వరు మీదే జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ టూల్‌తో తాళం వేస్తాం. సర్వరు దగ్గర తాళం వేసే కీ మాత్రమే ఉంది, తెరిచే కీ లేదు. తెరిచే కీ పెన్‌డ్రైవ్‌లో డాక్టరు గారి దగ్గర, దాని పాస్‌ఫ్రేజ్ సీలు కవర్లో మాస్టారి బీరువాలో. ఒకరే ఉంటే తెరుచుకోదు. ఇవాళ ఇద్దరినీ కూర్చోబెట్టి తెరిపించి, ఖాళీ మెషీన్ మీద మొత్తం నిలబెట్టి చూశాం. నలభై నిమిషాలు పట్టింది.

సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ కూడా అదే బీరువాలో ఇంకో కవర్లో పెట్టాను. పాలసీలేవీ నన్ను ఆపలేవు కాబట్టి, కవరు చింపాలంటే మాస్టారి నోటుబుక్కులో తేదీ, పని, సంతకం ఉండాలి.

జూలై 24

కంచిలి తమ్ముడికి చెన్నైలో పని దొరికింది, ఆదివారం రైలు. ఇవాళే అతని లాగిన్ మూసేశాను. అతను రాసిన బీపీలు, చేసిన ఫోన్ల చరిత్ర అలాగే ఉంటాయి, అతని పేరుతోనే. మూసేశానని ఫోను చేసి చెప్పాను. "మంచిదన్నా, నా ఫోను పోతే నాకే భయం" అన్నాడు. పాత షీటైతే లింకు అతనితోపాటే చెన్నై వెళ్లేది. ఆ షీటుని కూడా ఇవాళ సాయంత్రం అందరి ముందూ తీసేశాం.

జూలై 27

కవిటి వైపు క్యాంపు. పదకొండు గంటలకి ఆవిడ వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. పరీక్షకి కాదు. "ఎవులెవులు సూసినారో ఇప్పుడు తెలుస్తాదంట. మా మేస్టారు సెప్పినారు."

అమ్మాయి పేరు మీద చూపుల కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ కూతురికి అందించింది. ఆ అమ్మాయి పైకి చదివింది. "జూలై 20, ఊరి కార్యకర్త, క్యాంపుకి పిలవడానికి. జూలై 21, డాక్టరు, పాత రిపోర్టు చూడటానికి. అంతే అమ్మా. రెండే."

"మరి అంతకు ముందువో?"

అంతకు ముందు చూసినవాళ్ల లెక్క మా దగ్గర లేదమ్మా అని చెప్పాను. అప్పుడు ఎవరైనా చూడగలిగేలా పెట్టింది మేమే, ఆ తప్పు మాదే అని కూడా చెప్పాను. ఆవిడ నన్ను కాసేపు చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"సంబంధం వోలు ఏటన్నారమ్మా?" అని పక్కనుంచి కార్యకర్త అడగబోతే, కళ్లతోనే వద్దన్నాను.

ఆవిడ వెళ్లబోయి మళ్లీ వెనక్కి వచ్చింది. అంగీకార పత్రం చదివి వినిపించమంది. తొంభై రోజుల మాట దగ్గర ఆపి, ఇంకోసారి చదివించుకుంది. తర్వాత వేలిముద్ర వేసి, కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాగింది. ల్యాబ్ ఆయన గొట్టం మీద 0417 అని అంటించి, పేరు అడక్కుండానే రక్తం తీశారు.